నల్ల అద్దాల వెనుక ఏముంది?

ద్వారకానగర్‌లో ఒక మేడ మెట్ల కింది గదిలో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. గంటకు 20 రూపాయలిచ్చి 'నీడ్ ఫర్ స్పీడ్ 2' అనే కార్ల రేసు ఆట ఆడుకున్న ఆ రోజుల్లో నేను ఎప్పుడూ ఎంచుకున్న కారు ఇస్డెరా కొమెండటోరే 112ఐ. పేరు సరిగ్గా పలకడం కూడా వచ్చేది కాదు. తలుపులు రెక్కల్లా పైకి లేచే ఆ కారు విదేశాల్లో వందల సంఖ్యలో తిరుగుతూ ఉంటుందనుకునేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు, ప్రపంచం మొత్తం మీద అది తయారైంది ఒకే ఒక్కటని. జర్మనీలోని ఓ చిన్న సంస్థ మెర్సిడెస్ వి12 ఇంజిన్ బిగించి 1993లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు తెచ్చింది. తర్వాత డబ్బు చాలక రెండో కారు పుట్టనేలేదు. అదే ఆటలో ఉన్న ఇటాల్‌డిజైన్ కాలా కథా అంతే. లంబోర్ఘినీ కోసమని 1995లో చేసిన ఆ నమూనా ఉత్పత్తి దాకా వెళ్లలేదు.

అంటే విశాఖలో ఒక ఇరుకు గదిలో కూర్చున్న పిల్లలం, కార్ల చరిత్ర దాదాపు మరిచిపోయిన రెండు బండ్లను ప్రతి ఆదివారం నడిపాం. ఆ ఆటలో కారు వివరాలు చెప్పే విభాగం విడిగా ఉండేది. అందులో ఫొటోలు, కొలతలు, వెనుక నుంచి వినిపించే వ్యాఖ్యానం అన్నీ ఉండేవి. రేసు మొదలుపెట్టమని పక్కవాళ్లు తొందరపెడుతున్నా నేను అక్కడే ఆగిపోయేవాణ్ణి. రేసింగ్ ఆటల్లోని కారు బొమ్మను అప్పటి నుంచి నేను ఒక దస్తావేజులాగే చూస్తున్నాను. దస్తావేజు అన్నాక అందులో ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, ఏం వదిలేశారన్నదీ అంతే ముఖ్యం.

వదిలేయడం గురించి చెప్పాలంటే 'గ్రాన్ టురిస్మో' అనే రేసింగ్ ఆటల సిరీస్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటలో ఒక్కో కారుకు వాడినవి సుమారు 300 పాలిగాన్లు, అంటే 300 చిన్న చిన్న పలకలు. హెడ్‌లైటుకు లోతు ఉండదు, అది అంటించిన బొమ్మ మాత్రమే. ఒక కళాకారుడు ఒక్క రోజులో ఒక కారు పూర్తి చేయగలిగేవాడని ఆ ఆట సృష్టికర్త కజునోరి యమవూచి చెప్పారు. 2010లో 'గ్రాన్ టురిస్మో 5' వచ్చేసరికి ఒక్కో కారుకు పలకలు సుమారు 5 లక్షలకు చేరాయి. ఒక కారుకు ఒక మనిషి ఆరు నెలల శ్రమ పట్టింది.

ఆరు నెలల చొప్పున వెయ్యి కార్లు ఎవరు చేయగలరు? అందుకే ఆ ఆటలో కార్లను రెండు తరగతులుగా విడదీశారు. 200 పైచిలుకు కార్లు ప్రీమియం. వీటిలో సీటు కుట్లు, మీటర్ల మీది అంకెలు, తలుపు లోపలి గుడ్డ అన్నీ ఉంటాయి. మిగతా 800 దాకా స్టాండర్డ్. ఇవి పాత ఆటల నుంచి తెచ్చి మెరుగు పెట్టినవి. వీటికి లోపల ఏమీ లేదు. అది కనిపించకుండా అద్దాలకు నలుపు పూశారు. 2011లో వచ్చిన అప్‌డేట్ తర్వాత ఆ కార్లలోనూ డ్రైవరు సీట్లో కూర్చుని చూసే వీలు కలిగింది గానీ, లోపల కనిపించింది నల్లటి నీడ మాత్రమే. స్టీరింగ్ ఉందని తెలుస్తుంది, దాని మీద ఏం రాసి ఉందో తెలియదు.

ఈ విభజనను ఆటగాళ్లు చాలామంది తిట్టిపోశారు. లోపల బోలుగా ఉన్న 800 కార్లు ఎందుకు, నిండుగా ఉన్న 200 చాలవా అన్నారు. నేను ఒప్పుకోను. బోలు కార్లను తీసేసి ఉంటే పోయేవి ఎక్కువగా మామూలు కార్లే. సుజుకీ ఆల్టో వర్క్స్ ఆ సిరీస్‌లో ఉండేది. 660 సీసీ ఇంజిన్‌కు టర్బో బిగించిన బుల్లి జపాన్ కారు. మన వీధుల్లో తిరిగే ఆల్టోకు దాయాది, స్టీరింగ్ కూడా మనలాగే కుడివైపు. దాన్ని నడుపుతున్నప్పుడు నాకు ఫెరారీ ఇవ్వని సంతోషం కలిగేది. నా బాధ వేరు. నలుపు పూయాల్సి వచ్చినప్పుడు ఆ నలుపు ఎక్కువగా మధ్యతరగతి వాడి కారు అద్దాల మీదే పడుతుంది. కోట్ల ఖరీదు చేసే కార్లలో చాలావాటికి తోలు మీది ముడత కూడా దక్కుతుంది. లక్షల కుటుంబాలు పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ వెళ్లివచ్చిన కారుకు నీడ మిగులుతుంది.

పొదుపు వేరు, నిర్లక్ష్యం వేరు. ఆటల్లో పొదుపు గొప్ప పనితనం. మీ ముందు దూసుకుపోయే కారు దూరం పెరిగేకొద్దీ తక్కువ పలకలున్న మరో బొమ్మగా మారిపోతుంది. మలుపు చేరేసరికి దానికి వైపర్లు ఉండకపోవచ్చు. చక్రం వేగం అందుకోగానే ఊచల స్థానంలో మసకగా గీసిన బిళ్ల వచ్చి కూర్చుంటుంది. అద్దంలో వెనుక రోడ్డు కనిపిస్తుంది కదా, అందులో చెట్లు కొన్ని తగ్గి ఉంటాయి. రీప్లే ఆపి, కెమెరాను దగ్గరికి జరిపి చూసేవాడికే ఇవన్నీ దొరుకుతాయి. చూసే కన్ను ఎక్కడ ఉంటుందో ముందే ఊహించి, ఆ చోటికి శ్రమనంతా తరలించిన మనుషుల ఆలోచన అది.

ఇక శబ్దం. 2005 నాటి 'నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్' ఆడిన వాళ్లెవరూ ఆ నీలం, వెండి రంగుల బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్‌ను మరచిపోలేరు. ఇంజిన్ గర్జనతో పాటు సన్నగా, ఈలలాగా ఒక కూత వినిపిస్తూ ఉంటుంది. అది ఆట కోసం కల్పించిన హంగు అనుకునేవాణ్ణి. కాదు, అది గేర్లది. 2001లో అమెరికా రేసుల్లో పరుగెత్తిన అసలు కారు నాలుగు లీటర్ల వి8 ఇంజిన్ ఉన్న రేసు కారు. రేసు కార్ల గేరు చక్రాలకు పళ్లు నిటారుగా కోస్తారు. బలం బాగా తట్టుకుంటాయి గానీ ఒక పన్ను మరో పన్నును ఒక్కసారిగా తాకడం వల్ల కూత పుడుతుంది. మన కార్లలో పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి చప్పుడు రాదు, ఒక్క రివర్స్ గేరులో తప్ప. చాలా మాన్యువల్ కార్లలో రివర్స్‌కు మాత్రం నిటారు పళ్లే ఉంటాయి. కైలాసగిరి దారిలో ఎదురుగా బస్సు వచ్చి, పాత మారుతిని పదిహేను గజాలు వెనక్కి తీయాల్సి వచ్చినప్పుడు వినిపించే ఆ 'ఊఁ' అన్న కూత, ఆ ఎం3 కూత, రెండూ ఒకే కుటుంబం. ఈ సంగతి తెలిశాక నేను రెండింటినీ మునుపటిలా వినలేకపోతున్నాను.

కొన్ని రహస్యాలు బొమ్మలో ఉండవు, ఒప్పందాల్లో ఉంటాయి. 2000 నుంచి 2016 దాకా పోర్షె కార్లను ఆటల్లో వాడే హక్కులు 'నీడ్ ఫర్ స్పీడ్' ఆటల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతిలో ఉండటంతో, 'గ్రాన్ టురిస్మో'లో పోర్షెను పోలిన కార్లు రూఫ్ పేరుతో కనిపించేవి. రూఫ్ దొంగ పేరు కాదు, జర్మనీలో సొంత గుర్తింపున్న తయారీ సంస్థే. ఆట నుంచి కారులోకి కూడా ప్రయాణం జరిగింది. 2007లో వచ్చిన నిసాన్ జీటీ-ఆర్ డాష్‌బోర్డు తెర మీద కనిపించే మీటర్లను గీసింది 'గ్రాన్ టురిస్మో' తయారుచేసే పాలిఫొనీ డిజిటల్ వాళ్లే. ఆటలోని వివరం నిజమైన కారులోకి ఎక్కి కూర్చుంది.

ఇంత శ్రద్ధ ప్రపంచంలో ఉండగా మన బండ్ల సంగతి ఏమిటి? 2017లో జెనీవా ప్రదర్శనలో టాటా సంస్థ రేసెమో అనే స్పోర్ట్స్ కారును చూపిస్తూ, అది 'ఫోర్జా హొరైజన్ 3' ఆటలోకి వస్తుందని ప్రకటించింది. కారు మాత్రం మార్కెట్లోకి రానేలేదు. దానికి దక్కిన గౌరవం 1957 నుంచి 2014 దాకా ఈ దేశాన్ని మోసిన అంబాసిడర్‌కు నేను ఆడిన ఏ రేసింగ్ ఆటలోనూ దక్కలేదు. అది వేగంగా పోదు, నిజమే. ఆల్టో వర్క్స్ కూడా ఫెరారీని దాటదు.

ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. 2001లో నౌకాదళ సేవ నుంచి తప్పుకున్న దాన్ని ఇసుక మీదికి లాగి, 2002లో మ్యూజియంగా తెరిచారు. లోపలికి వెళితే గొట్టాలు, కవాటాలు, నావికులు ముడుచుకుని పడుకున్న పడకలు అన్నీ చూడొచ్చు. బయటి ఉక్కు తొడుగు నిలబెట్టి అద్దాలకు నలుపు పూసి ఉంటే ఎవరు వెళ్లేవారు? అంత పెద్ద ఓడకు చేయగలిగిన ఊరు, ఒక కారును కంప్యూటర్‌లో అణువణువూ నమోదు చేయలేదా? ఉప్పుగాలి ఎవరి కోసమూ ఆగదు. మా ఎం.వి.పి. కాలనీలో నాలుగేళ్ల క్రితం దాకా తిరిగిన అంబాసిడర్లలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. దానికీ తలుపుల అంచులు తుప్పుపట్టి పొరలుగా రాలుతున్నాయి.

ఆ ఒక్కటీ ఓడరేవులో పనిచేసి రిటైరైన పెద్దాయనది. మా అన్నయ్య కొడుకు త్రీడీ బొమ్మలు చేయడం నేర్చుకుంటున్నాడు. వేసవి సెలవుల్లో వాణ్ణి ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. బయటి ఆకారం వాడికి రెండు రోజుల్లో వచ్చేసింది, గుండ్రటి బానెట్‌తో సహా. లోపలికి వచ్చేసరికి ఆగిపోయాడు. టార్చి లైటు పట్టుకుని క్లచ్ దగ్గర తల దూర్చి అడిగాడు: "బాబాయ్, క్లచ్‌కు ఎడమ పక్కన నేల మీద ఇంకో గుండీ ఉందేమిటి?"

పెద్దాయన నవ్వారు. "డిప్పర్ బాబూ. హెడ్‌లైటు పైకీ కిందికీ మార్చడానికి. మా రోజుల్లో ఆ పని కాలితోనే."

వాడు దాని వ్యాసం కొలిచాడు, ఎత్తు కొలిచాడు, రబ్బరు చాపలో దానికోసం కోసిన రంధ్రాన్ని ఫొటో తీశాడు. రంధ్రం అంచు ఒకవైపు అరిగి ఉంది, బూటు మడమ ఆనే వైపు. అది కూడా బొమ్మలో పెడతానన్నాడు. తర్వాత ఫోనును నేల మీద పెట్టి రికార్డింగ్ నొక్కి, మమ్మల్ని మాట్లాడొద్దన్నాడు. పెద్దాయన చెప్పు విడిచి, పాదంతో గుండీని నొక్కారు. టక్ మంది. ఎదురు గోడ మీది వెలుగు జానెడు కిందికి దిగింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో హారన్ మోగడంతో వాడు మళ్లీ నొక్కమన్నాడు.