డ్యూసెల్‌డార్ఫ్ యంత్రాల జానపదం

క్రాఫ్ట్‌వెర్క్ అంటే జర్మన్ భాషలో విద్యుత్ కేంద్రం. ఆ పేరు పెట్టుకున్న బృందం గురించి ఎక్కడ చదివినా ఒకే మాట ఎదురవుతుంది: ప్రాణం లేని యంత్రాల సంగీతం అని. ఎర్ర చొక్కాలు, నల్ల టైలు వేసుకున్న నలుగురు చెక్కబొమ్మల్లా నిలబడి వాయిస్తుంటే ఎవరికైనా అలాగే తోస్తుంది. చాలాకాలం నేనూ అలాగే విన్నాను. వినగా వినగా ఆ అభిప్రాయం పోయింది. వాళ్లు చేసింది జానపద సంగీతమని, ఒక ఊరి చప్పుళ్లలోంచి పుట్టిన పాట అని ఇప్పుడు నా నమ్మకం.

బృందానికి మూలస్తంభాలు ఇద్దరు. రాల్ఫ్ హ్యూటర్ 1946లో పుట్టాడు, ఫ్లోరియన్ ష్నైడర్ 1947లో. యుద్ధం ముగిసిన వెంటనే, శిథిలాల మధ్య కళ్లు తెరిచిన తరం వాళ్లది. పెరుగుతుంటే రేడియోలో వినిపించింది అమెరికా, ఇంగ్లండ్‌ల రాక్ పాట. సొంత భాషలో ఉన్నది పంచదార పాకం లాంటి కాలక్షేపం పాట. అంతకు ముందు తరం పాటలకు నాజీల నీడ అంటుకుని ఉంది, ఎత్తుకోవడానికి మనసొప్పదు. తమ తరానికి సొంత సంస్కృతి లేకుండా పోయిందని హ్యూటర్ తర్వాతి కాలంలో ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. మరి తమదైన పాటను ఎక్కడ వెతుక్కోవాలి? వాళ్లు చుట్టూ ఉన్న చప్పుడు వైపు చెవి పెట్టారు. డ్యూసెల్‌డార్ఫ్ రైన్ నది ఒడ్డున ఉంది. పక్కనే బొగ్గు గనులు, ఉక్కు కొలిమిల రూర్ ప్రాంతం. ష్నైడర్ తండ్రి పేరున్న వాస్తుశిల్పి. ఉక్కు గొట్టాలు తయారుచేసే మానెస్మాన్ కంపెనీకి ఆ ఊళ్లోనే ఎత్తయిన భవనం కట్టింది, కొలోన్-బాన్ విమానాశ్రయానికి రూపమిచ్చింది ఆయనే. ఆ కుర్రాళ్లకు పల్లె అన్నా పొలం అన్నా ఇదే. తమ సంగీతాన్ని ‘పారిశ్రామిక జానపదం’ అని వాళ్లే పిలుచుకున్నారు. ఆ మాటను నేను అక్షరాలా తీసుకుంటాను. మన దంపుళ్ల పాటలో రోకటి పోటే తాళం, పనిముట్టు చేసే చప్పుడు మీదే గొంతు నడుస్తుంది. ఫ్యాక్టరీ ఊళ్లో పనిముట్టు మారింది కాబట్టి తాళమూ మారింది.

మొదట్లో వాళ్ల దగ్గర ఇంత స్పష్టత లేదు. 1970లో బృందం పెట్టినప్పుడు ష్నైడర్ వేణువు వాయించేవాడు. పాటలు ఎటు పడితే అటు సాగేవి, మనుషులు వస్తూ పోతూ ఉండేవారు. అప్పటి మూడు ఆల్బమ్‌లను ఇప్పటికీ అధికారికంగా మళ్లీ విడుదల చేయలేదు. డ్యూసెల్‌డార్ఫ్ రైల్వే స్టేషన్ దగ్గర్లో క్లింగ్ క్లాంగ్ అనే సొంత స్టూడియో ఏర్పాటు చేసుకోవడమే ఆ రోజుల్లో వాళ్లు చేసిన పెద్ద పని. హ్యూటర్ మినీమూగ్ అనే సింథసైజర్ కొన్నాడు, కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం అది. తన ఫోక్స్‌వాగన్ కారుకు పెట్టినంత డబ్బు దానికీ పెట్టానని చెప్పేవాడు.

ఆ కారూ ఆ సింథసైజరూ కలిసి 1974లో ‘ఆటోబాన్’, అంటే జర్మన్ రహదారి, అయ్యాయి. రికార్డింగ్‌లో సౌండ్ ఇంజనీర్ కోనీ ప్లాంక్ అండగా నిలిచాడు. రికార్డు ఒకవైపు మొత్తం, దాదాపు 23 నిమిషాలు, ఒకే పాట. కారు తలుపు వేసిన చప్పుడు, ఇంజిన్ అంటుకున్న చప్పుడు, ఆ తర్వాత దారి. సాహిత్యం చిన్నపిల్లలు చెప్పినంత సూటిగా ఉంటుంది: బూడిదరంగు పట్టీలాంటి రోడ్డు, తెల్ల గీతలు, పచ్చటి అంచు. హిట్లర్ ప్రభుత్వం తన ఘనతగా ఊరూరా చాటుకున్న రహదారులవి. ఆ రోడ్డును ఈ కుర్రాళ్లు ప్రచారం చేతిలోంచి లాక్కుని, ఎండపూట హాయిగా కారులో పోయే మామూలు దారిగా మార్చారు. ఈ పాటలో నన్ను ఎక్కువగా కదిలించేది అదే. జర్మన్ భాషలో పాడిన ఈ పాటను కత్తిరించి సింగిల్‌గా వేస్తే అమెరికా పట్టికలో 25వ స్థానానికి, ఆల్బమ్ 5వ స్థానానికి వెళ్లాయి. ప్రయాణం అనే అర్థంలో వాళ్లు పాడిన ‘ఫార్న్’ చాలామంది అమెరికన్లకు ‘ఫన్’ అని వినిపించింది.

వోల్ఫ్‌గాంగ్ ఫ్లూర్, కార్ల్ బార్టోస్ చేరాక నలుగురి బృందం కుదురుకుంది. 1977 నాటి ‘ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్’ వాళ్ల పనిలో శిఖరమని నేనంటాను. రైలు చక్రాల లయ మీద తీగలాంటి ఒక చిన్న స్వరమాల ఎక్కుతూ పోతుంది. ఉన్నట్టుండి పాట ‘మెటాల్ ఆఫ్ మెటాల్’లోకి, అంటే లోహం మీద లోహంలోకి జారుతుంది. ఇక అక్కడి నుంచి సుత్తి దెబ్బలే. మొదటిసారి వింటే మోత, పదోసారి వింటే కమ్మరి కొలిమి. దేశాల సరిహద్దులు దాటి పోయే ఆ పేరు గల రైళ్లు 1957లో మొదలయ్యాయి. అంతకు పన్నెండేళ్ల క్రితం వరకూ ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకున్న దేశాలవి. మేము జర్మన్లం అని చెప్పడం కష్టమైన కాలంలో మేము యూరోపియన్లం అని చెప్పుకోవడానికి ఆ రైలు వాళ్లకు దారి చూపింది.

ఇక్కడి నుంచి కథ సముద్రం దాటుతుంది. 1982లో న్యూయార్క్‌లో, బ్రాంక్స్‌కు చెందిన డీజే ఆఫ్రికా బంబాటా పాట ‘ప్లానెట్ రాక్’ వచ్చింది. అందులోని స్వరం ‘ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్’ది, లయ క్రాఫ్ట్‌వెర్క్ మరో పాట ‘నంబర్స్’ది. రోలాండ్ 808 డ్రమ్ మెషీన్ మీద మళ్లీ పోసిన అచ్చు అది. ఆ 808 దరువు ఇవాళ మన సినిమా పాటల్లోనూ వినిపిస్తుంది. డెట్రాయిట్‌లో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి యువకులు టెక్నో అనే కొత్త సంగీతానికి పునాది వేశారు. ఎలక్ట్రిఫైయింగ్ మోజో అనే రేడియో వ్యాఖ్యాత రాత్రిపూట క్రాఫ్ట్‌వెర్క్ పాటలు వేస్తుంటే విని పెరిగిన తరం అది. ఎక్కడి రైన్ లోయ, ఎక్కడి డెట్రాయిట్? చాలామందికి ఇది వింతగా ఉంటుంది, నాకు మాత్రం లేదు. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల ఊరు. అక్కడి ఇళ్లలో తండ్రులు, తాతలు అసెంబ్లీ లైన్ మీద పనిచేసినవాళ్లు. ఒక ఫ్యాక్టరీ ఊరి పాటను మరో ఫ్యాక్టరీ ఊరు గుర్తుపట్టింది. ప్రాణం లేని సంగీతమే అయితే అంత దూరంలో ఇంకో ఊరు దాన్ని సొంతం చేసుకుని ఉండేదా?

1981 నాటి ‘కంప్యూటర్ వరల్డ్’ను భవిష్యవాణి అని పొగుడుతుంటారు. నేనలా అనను, అది తన కాలపు వార్త. తీవ్రవాదుల వేటలో పశ్చిమ జర్మనీ పోలీసులు 1970ల చివరికే ప్రజల వివరాలను కంప్యూటర్లతో జల్లెడ పడుతున్నారు. కరెంటు బిల్లు నగదుగా కట్టేవాళ్ల జాబితాలు కూడా ఆ జల్లెడలో పడ్డాయి. ఇంటర్‌పోల్, డాయిష్ బ్యాంక్, ఎఫ్‌బీఐ, స్కాట్లండ్ యార్డ్ పేర్లు ఆ పాటలోకి ఊరికే రాలేదు. ఆ భయం పక్కనే ఒక ముచ్చటా ఉంది. జేబు క్యాలిక్యులేటర్ గురించి పాడుతూ, కచేరీలో వేదిక అంచుకు వచ్చి చేతిలోని చిన్న యంత్రాన్ని ప్రేక్షకులకు చాచేవాళ్లు, మీరూ మీట నొక్కండని. ఆ ఏడాది పర్యటనలో బొంబాయిలోనూ వాయించారు.

అలా చెయ్యి చాచిన బృందమే రెండు సెకన్ల చప్పుడు కోసం కోర్టుకు వెళ్లడం నాకు కష్టంగా ఉంటుంది. 1997లో సబ్రీనా సెట్లూర్ పాడిన ఒక జర్మన్ ర్యాప్ పాటలో నిర్మాత మోజెస్ పెల్హామ్ ‘మెటాల్ ఆఫ్ మెటాల్’ నుంచి సుమారు రెండు సెకన్ల ముక్క తీసి చక్రంలా తిప్పాడు. హ్యూటర్, ష్నైడర్ దావా వేశారు. కేసు మెట్లన్నీ ఎక్కింది. 2016లో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం కళాస్వేచ్ఛ వైపు మొగ్గింది. చెవికి గుర్తుపట్టరాకుండా మారిస్తే తప్ప అనుమతి కావాలని 2019లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. 2023లో జర్మన్ సుప్రీం కోర్టు ఇంకో చట్టపరమైన ప్రశ్నతో దాన్ని మళ్లీ అక్కడికే పంపింది. వాళ్ల వాదనలో న్యాయం లేదని అనలేను. ఆ సుత్తి దెబ్బ వాళ్లు చెమటోడ్చి చేసిందే, అడగకుండా తీసుకోవడం మర్యాద కాదు. అయినా జానపదం అని పేరు పెట్టాక ఆ దరువును తలా ఒకరు అందుకుంటారు. బ్రాంక్స్, డెట్రాయిట్ అలా అందుకున్నందుకే క్రాఫ్ట్‌వెర్క్ ఇంతకాలం బతికింది. ఈ విషయంలో నేను పెల్హామ్ పక్షమే.

1986 తర్వాత కొత్త పాట రావడం గగనమైంది. ఫ్లూర్, బార్టోస్ వెళ్లిపోయారు. పాతవాటిని మెరుగుపెట్టడంలోనే కాలం గడిచింది. ఆ మెరుగుల్లో ఒకటి మాత్రం నాకు చాలా విలువైనది. 1975 నాటి ‘రేడియోయాక్టివిటీ’ అణుశక్తి మీద ఎటూ తేల్చని పాట. 1991లో దానికి ‘ఆపండి’ అనే మాట చేర్చి, చెర్నోబిల్, హారిస్‌బర్గ్, సెల్లాఫీల్డ్, హిరోషిమా పేర్లు పెట్టారు. 2012లో టోక్యో దగ్గర జరిగిన కచేరీలో ఫుకుషిమాను కలిపి, జపాన్ భాషలో పాడారు. సొంత పాటను తామే దిద్దుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

కొత్త పాటలతో వచ్చిన చివరి ఆల్బమ్ 2003 నాటిది, సైకిల్ పందెం గురించి. 1983లో మొదటిసారి చేసిన టూర్ డి ఫ్రాన్స్ పాటలో తాళానికి తోడుగా సైకిల్ తొక్కే మనిషి రొప్పు వినిపిస్తుంది. హ్యూటర్ రోజుకు ఎన్నో కిలోమీటర్లు తొక్కే మనిషి, ఆ ఊపిరి ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ష్నైడర్ 2008లో బృందాన్ని వదిలాడు, 2020 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. మొదటి రోజుల నుంచి మిగిలింది హ్యూటర్ ఒక్కడే. కచేరీ చివర్లో నలుగురూ ఒక్కొక్కరుగా వంతు వాయించి, తల వంచి వేదిక దిగుతారు. హ్యూటర్ ఆఖర్న. చెయ్యి గుండె మీద పెట్టుకుని, ‘మళ్లీ కలుద్దాం’ అని జర్మన్‌లో చెప్పి వెళ్తాడు.