ఫిలిప్పీన్స్ కార్మికుల హక్కులన్నీ ఓప్లే ఒక్కరి చలవేనా?

గల్ఫ్ వలసల మీద చర్చ మొదలైతే చాలు, ఫిలిప్పీన్స్‌ను చూసి నేర్చుకోమని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వెంటే ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘ఫిలిప్పీన్స్‌లో పూర్వం కార్మిక చట్టాలే లేవు. బ్లాస్ ఓప్లే అనే మంత్రి 1974లో ఒక్క చట్టంతో కార్మికులకు అన్ని హక్కులూ ఇచ్చాడు. విదేశీ ఉద్యోగాలకు దారి తెరిచాడు, ఏజెంట్లను రూపుమాపాడు, అంతర్జాతీయ కార్మిక సంస్థకు అధినేత అయ్యాడు, వలస కార్మికులకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టాడు. మనకూ అలాంటి ఒక్క మగాడు దొరికితే చాలు.’

ఓప్లే సామాన్యుడేమీ కాదు. బులకాన్ రాష్ట్రంలోని హగొనోయ్‌లో 1927లో పుట్టి, పత్రికా రచయితగా మొదలై, 1967 నుంచి 1986 దాకా కార్మిక శాఖ చూశారు. తర్వాత సెనేటర్, సెనేట్ అధ్యక్షుడు, చివరికి విదేశాంగ మంత్రి అయ్యారు. 2003 డిసెంబర్‌లో బహ్రెయిన్ వెళ్తూ విమానంలో అస్వస్థతకు గురై తైవాన్‌లో కన్నుమూశారు. అంత పెద్ద జీవితాన్ని గౌరవించాలంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈ సందేశం ఆ పని చేయడం లేదు.

మొదటి మాట, అంతకుముందు చట్టాలే లేవన్నది. ఎనిమిది గంటల పనిదినం చట్టం ఫిలిప్పీన్స్‌లో 1939లోనే వచ్చింది. కనీస వేతన చట్టం 1951లో వచ్చింది. సంఘం పెట్టుకునే హక్కునూ, యాజమాన్యంతో సమష్టిగా బేరమాడే హక్కునూ గుర్తించిన పారిశ్రామిక శాంతి చట్టం 1953 నాటిది. ఇవన్నీ ఓప్లే మంత్రి కాకముందువే. 1974 మే డే నాడు అప్పటి అధ్యక్షుడు మార్కోస్ సంతకం చేసిన 442వ డిక్రీ (అధ్యక్షుడు నేరుగా జారీ చేసే శాసనం), అంటే లేబర్ కోడ్, చెల్లాచెదురుగా ఉన్న ఈ చట్టాలను ఒక్కచోట చేర్చి, సవరించి, కొత్త విషయాలు కలిపింది. అది పెద్ద పనే. దాని వెనక ఓప్లే బుర్ర ఉందన్నదీ నిజమే. కానీ అంతకుముందు అంతా శూన్యమని చెబితే, యాభై ఏళ్లు సంఘాలు కట్టి పోరాడిన వాళ్లను చరిత్రలోంచి తుడిచేసినట్టే.

విదేశాలకు దారి తెరిచింది ఆయనేనన్నది ఇంకా తేలికగా వీగిపోతుంది. హవాయి చెరకు తోటలకు తొలి ఫిలిప్పీన్స్ కూలీలు 1906లోనే ఓడెక్కారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనిక స్థావరాల్లో పనికి గువామ్, ఒకినావా వెళ్లారు. నర్సులు అమెరికా బాట పట్టారు. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు పోటెత్తినప్పుడు, అప్పటికే ఉన్న ఆ ప్రవాహాన్ని ప్రభుత్వ విధానంగా మార్చింది మాత్రం ఓప్లే హయాం. దేశంలో ఉద్యోగాలు పెరిగేదాకా తాత్కాలిక ఏర్పాటు అని అప్పట్లో చెప్పారు. ఆ తాత్కాలికం నేటికీ ముగియలేదు.

ఇక ‘అన్ని హక్కులూ ఇచ్చాడు’ అన్న మాట. నాకు కోపం తెప్పించేది ఇదే. 1972 సెప్టెంబర్‌లో మార్కోస్ మార్షల్ లా, అంటే సైనిక శాసనం, విధించాడు. కీలక పరిశ్రమల్లో సమ్మెలు నిషిద్ధమయ్యాయి. 1975 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభ 60వ సమావేశానికి ఓప్లే అధ్యక్షత వహించారు. ఆ గౌరవం దక్కిన తొలి ఫిలిప్పీన్స్ జాతీయుడు ఆయనే. (సందేశం చెప్పినట్టు సంస్థకు అధినేత కాలేదు. అప్పటి డైరెక్టర్ జనరల్ ఫ్రాన్సిస్ బ్లాన్‌షార్. ఓప్లేది ఆ ఒక్క సమావేశానికి అధ్యక్షత.) అదే ఏడాది అక్టోబర్‌లో మనీలాలోని లా తొందేన్యా మద్యం కర్మాగారం కార్మికులు, తాత్కాలిక సిబ్బందిని పర్మనెంట్ చేయాలని సమ్మెకు దిగారు. మార్షల్ లా నీడలో అలా దిగడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. కొద్ది రోజులకే, నవంబర్‌లో, అన్ని సమ్మెలనూ నిషేధిస్తూ 823వ డిక్రీ వచ్చింది. తర్వాత కొంత సడలించినా, సమ్మె హక్కు చట్టరూపంలో తిరిగి వచ్చింది 1981లోనే. ఈ కాలమంతా కార్మిక మంత్రి ఓప్లేయే.

1975 డిసెంబర్‌లోనే పదమూడో నెల జీతం డిక్రీ వచ్చింది. ఏడాది చివర ఒక నెల జీతం అదనంగా ఇవ్వడం మంచి పనే, కోట్లమందికి మేలు చేసింది. అయితే మొదట నెలకు వెయ్యి పెసోల లోపు మూల వేతనం ఉన్నవాళ్లకే అది వర్తించింది. ఆ పరిమితి తీసేసింది 1986లో, మార్కోస్ తర్వాత అధ్యక్షురాలైన కొరాసోన్ అకీనో. ఒక చేత్తో సమ్మె హక్కు లాక్కుని ఇంకో చేత్తో బోనస్ ఇస్తే, దాన్ని అన్ని హక్కులూ ఇవ్వడం అంటామా?

ఏజెంట్ల సంగతి మన వాళ్లు శ్రద్ధగా వినాల్సింది. విదేశీ ఉద్యోగాల నియామకం ప్రైవేటు చేతుల్లోంచి తీసి ప్రభుత్వ బోర్డులకు అప్పగించాలన్నది 1974 కోడ్ అసలు ఉద్దేశం. ఆలోచన గొప్పదే. కానీ గల్ఫ్ నుంచి వచ్చిపడుతున్న గిరాకీని ఆ బోర్డులు అందుకోలేకపోయాయి. 1978లో 1412వ డిక్రీతో ప్రైవేటు ఏజెన్సీలకు మళ్లీ తలుపులు తెరిచారు. మంత్రి అదే ఓప్లే. వాళ్ల మీద నిఘాకు పీఓఈఏ అనే సంస్థ 1982లో ఏర్పడింది. అంటే ఏజెంట్లు మాయం కాలేదు, లైసెన్సు కిందికి వచ్చారు. మన దేశంలో 1983 వలస చట్టం చేసిందీ దాదాపు అదే. అయినా జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప పల్లెల్లో లైసెన్సు లేని దళారికి డబ్బు కట్టి మోసపోయిన ఇళ్లెన్నో మనకు తెలుసు. పరిష్కారం దొరికేసిందని చెప్పే సందేశం ఆ కుటుంబాలకు ఏ విధంగానూ సాయం చేయదు.

అక్కడి కార్మికులు ఇప్పుడు అనుభవిస్తున్న రక్షణల్లో చాలావాటికి ఓప్లే పేరు కన్నా కార్మికుల కన్నీళ్లే దగ్గర. 1977లో సంక్షేమ నిధి ఆయన హయాంలోనే మొదలైంది, ఆ ఘనత ఆయనకు దక్కాల్సిందే. కానీ 1982 డిసెంబర్ నాటి 857వ ఉత్తర్వు సంగతేమిటి? నావికులు సంపాదనలో 80 శాతం, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు 50 శాతం బ్యాంకుల ద్వారా స్వదేశానికి పంపి తీరాలంది. పంపకపోతే పాస్‌పోర్టు పునరుద్ధరించరు. డాలర్ల కోసం ప్రభుత్వం చేసిన పని అది. ఈ ఉత్తర్వుకు ఎదురు నిలిచినవాళ్లలో హాంకాంగ్‌లోని ఇంటిపని మహిళలు ముందున్నారు. ఆదివారం ఒక్కటే సెలవున్న ఆ మహిళలు సంఘాలుగా కూడారు. 1985లో ప్రభుత్వం ఆ శిక్షలను ఎత్తేయక తప్పలేదు.

1995 మార్చిలో ఫ్లోర్ కాంటెంప్లేసియన్ అనే ఇంటిపని మహిళను సింగపూర్ ఉరితీసింది. ఫిలిప్పీన్స్ భగ్గుమంది, నాటి విదేశాంగ మంత్రి తన పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆ జూన్‌లోనే వలస కార్మికుల చట్టం వచ్చింది. కార్మికుడికి రావలసిన డబ్బుకు విదేశీ యజమానితో పాటు ఫిలిప్పీన్స్‌లోని ఏజెన్సీ కూడా బాధ్యత వహించాలన్న నిబంధన అందులో ఉంది. మన వాళ్లు ఫిలిప్పీన్స్‌ను చూసి మెచ్చుకునేవాటిలో చాలా భాగం ఈ చట్టంలోవే. అప్పటికి ఓప్లే కార్మిక శాఖ వదిలి తొమ్మిదేళ్లు.

చివరిది, ప్రత్యేక మంత్రిత్వ శాఖ. దాన్ని ఏర్పాటు చేసిన చట్టం మీద 2021 డిసెంబర్‌లో సంతకం జరిగింది. ఓప్లే పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించవచ్చు: ఆ శాఖ తొలి మంత్రి ఆయన కూతురు సుసాన్ ఓప్లే. తండ్రి పోయాక ఆయన పేరిట ఒక కేంద్రం పెట్టి, పరాయి దేశాల్లో చిక్కుకున్న కార్మికుల కోసం, మనుషుల అక్రమ రవాణా బాధితుల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. 2023 ఆగస్టులో మరణించేదాకా మంత్రిగా ఉన్నారు. సందేశం రాసినవారు ఆమె పనిని కూడా తీసుకెళ్లి తండ్రి ఖాతాలో వేశారు.