వాన లెక్కలతోనే వాతావరణ ప్రణాళిక పూర్తి కాదు

వాతావరణ మార్పును తట్టుకోవడానికి ప్లాన్ వేసుకోవాలంటే చాలాచోట్ల మొదట పిలిచేది ఇంజినీర్లను, కన్సల్టెంట్లను. ఎంత వాన పడొచ్చు, సముద్రం ఎంత పెరగొచ్చు అని వాళ్లు లెక్కకట్టి, దానికి సరిపడా ఓ గోడో కాలువో గీసిస్తారు. ఆ తర్వాత జనాన్ని ఓ హాల్లో కూర్చోబెట్టి బొమ్మలు చూపించి, సంతకాలు తీసుకుని, ప్రజాభిప్రాయ సేకరణ అయిపోయిందంటారు. ఈ వరుసే తలకిందులుగా ఉంది.

వాతావరణ మార్పుపై శాస్త్రీయ అంచనాలు ఇచ్చే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ 2014 నివేదిక రిస్క్‌ను మూడు విషయాలుగా విడదీసి చూసింది. ముంచుకొచ్చే విపత్తు ఏమిటి, దాని దారిలో ఎవరున్నారు, వాళ్లకు తట్టుకునే శక్తి ఎంత. మొదటిదాన్ని ఏ ఊరూ ఒంటరిగా ఆపలేదు. ఊరి చేతిలో ఉన్నవి మిగతా రెండే, అయినా ప్లాన్లలో పేజీలన్నీ మొదటిదానికే పోతాయి. 1995 జులైలో షికాగో నగరంలో వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. ఎండ నగరమంతా కాసింది, కానీ ఎక్కువగా పోయింది ఒంటరిగా బతుకుతున్న వృద్ధులు, పేదలు. వీధిలో జనసంచారం, పలకరింపులు ఉన్న కొన్ని పేటల్లో పేదరికం ఉన్నా చావులు తక్కువే. ఎవరి తలుపు తట్టాలో ఉష్ణోగ్రత మ్యాప్ చెప్పదు, ఆ వీధిలో ఉండేవాళ్లే చెప్పాలి.

బంగ్లాదేశ్ తీరం కథ ఇంకా లోతైనది. 1970 తుపానుకు అక్కడ 3 లక్షల మందికి పైగా చనిపోయారు. 2020లో ఆంఫన్ తుపాను వచ్చినప్పుడు 20 లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు, అక్కడి మృతుల సంఖ్య వంద కూడా దాటలేదు. షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు ఎంత ముఖ్యమో, ఇంటింటికీ తిరిగి చెప్పే ఊరి వాలంటీర్లూ అంతే ముఖ్యం, ఎందుకంటే తెలిసిన మనిషి చెబితేనే జనం ఇల్లూ పశువులూ వదిలి కదులుతారు.

అదే తీరంలో 1960ల నుంచి కట్టిన కరకట్టల సంగతి చూడండి. ఉప్పునీటిని ఆపి పంట పెంచాలన్న ఉద్దేశం మంచిదే. కానీ పోటుతో వచ్చే ఒండ్రు పొలాల్లోకి చేరకుండా నదుల్లోనే పేరుకుపోయింది, నది అడుగు పైకి లేచింది, పొలాల్లో చేరిన వాన నీరు బయటికి పోలేక ఏళ్ల తరబడి నిలిచిపోయింది. చివరికి 1990లో బీల్ డకాతియా అనే లోతట్టు ప్రాంతం దగ్గర జనమే కట్ట తెగ్గొట్టారు. పోటునీటిని కొన్నేళ్లు లోపలికి రానిస్తే ఒండ్రు పడి నేల ఎత్తు పెరుగుతుందని వాళ్లకు తెలుసు. ఆ పద్ధతినే తర్వాత ప్రభుత్వమూ చేపట్టింది. అయితే అలా నీళ్లు పెట్టిన నేలల రైతులకు అన్నేళ్లు పంట ఉండదు, పరిహారం ఎవరిస్తారన్న గొడవ అక్కడ గట్టిగానే నడిచింది. తప్పుడు అడాప్టేషన్, అంటే వాతావరణ మార్పును తట్టుకోవడానికి తప్పుగా చేసే ఏర్పాటు, కొత్త ముప్పు తెస్తుందని ఐపీసీసీ 2022లో హెచ్చరించింది ఇలాంటివాటి గురించే. ఊరి అనుభవాన్ని మొదటే అడిగి ఉంటే ఎంత నష్టం తప్పేదో!

అన్నీ జనానికే తెలుసని కాదు. రాబోయే వాన నిరుడు కురిసినట్టే కురవదు కాబట్టి సైన్స్ కావాలి, కానీ సైన్స్ కూడా ఒకే అంకె ఇవ్వలేదు. అందుకే లండన్‌లో థేమ్స్ నది కోసం 2012లో చేసిన ప్లాన్ నాకు నచ్చుతుంది. 2100 దాకా ఏమేం కట్టాలో ఒకేసారి తేల్చేయకుండా, సముద్ర మట్టాన్ని కొలుస్తూ, ఎంత పెరిగితే ఏ పని మొదలుపెట్టాలో అందులో రాసుకున్నారు. 2023లో మళ్లీ చూసుకుని కొన్నిచోట్ల గట్ల ఎత్తు పెంచే పనిని 2065 నుంచి 2050కి ముందుకు జరిపారు.

ఇక డబ్బు. బడ్జెట్ మీద మాట లేనివాళ్లను ఎన్ని మీటింగులకు పిలిచినా వాళ్లు శ్రోతలుగానే మిగులుతారు. నిర్ణయాధికారాన్ని వీలైనంత కింది స్థాయికి ఇవ్వాలన్నది 2021లో ప్రకటించిన స్థానిక అడాప్టేషన్ సూత్రాలు ఎనిమిదింటిలో మొదటిది. అంటే అద్దెకుండేవాళ్లు, కూలీలు, ఆడవాళ్లు రాగలిగే వేళకే మీటింగ్ పెట్టాలి, నిధుల లెక్క వాళ్ల ముందుంచాలి, వద్దంటే డిజైన్ మార్చే వీలుండగానే వాళ్లను అడగాలి.