శ్రీయుత ‘ఒకసారి ఆపేసి వెయ్యండి సార్’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నెల్లూరు దర్గామిట్టలో గానీ, ఒంగోలు లాయర్‌పేటలో గానీ, కావలి దాటాక ఏ పల్లెలో గానీ నెట్ నిలిచిందంటే ముందు తలుచుకునేది మిమ్మల్నే. కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడా మీరే: “వైఫై బాక్సు ఒకసారి ఆపేసి వెయ్యండి సార్.” వేస్తారు. రెండు నిమిషాలు లైట్లన్నీ దీపావళి చేసుకుంటాయి. నెట్ వస్తే మీ చలవ. రాకపోతే “ఇంకోసారి వెయ్యండి సార్.” ఆరెంపీ డాక్టరు సూది మీద కూడా జనానికి ఇంత నమ్మకం లేదు. ఆయన సూది వేసే ముందు కనీసం నాలుక చాపమంటాడు.

మీలో బొత్తిగా మహిమ లేదనం. నెలల తరబడి ఆగకుండా నడిచి మెమరీ మొద్దుబారిన బాక్సుకు మీరే దిక్కు. వైఫై ఛానెల్ (గాలిలో అది వాడే దారి) ‘ఆటో’లో ఉంటే, మీరొచ్చినప్పుడల్లా అది చుట్టుపక్కల చూసి కాస్త ఖాళీగా ఉన్న ఛానెల్‌కు మారుతుంది. సాయంత్రానికి పక్కింటి బాక్సూ అక్కడికే వచ్చి కూర్చుంటుంది, అది వేరే విషయం. మా గొడవల్లా ఒక్కటే. మీరు అడుగు పెట్టగానే సాక్ష్యం చెరిగిపోతుంది. ఏ లైటు ఆరింది, ఏది ఎర్రబడింది, చాలా బాక్సుల్లో జరిగింది రాసుకునే లాగ్‌తో సహా అంతా తుడిచిపెట్టి వెళ్ళిపోతారు.

ఎర్ర లైటు సంగతే చూడండి. ఎల్ఓఎస్ అని రాసున్న చోట ఎర్రగా మిణుకుతుంటే ఫైబర్‌లో వెలుతురు ఇంటిదాకా చేరట్లేదని. ఇంటికంటే ఎత్తుగా వరిగడ్డి వేసుకున్న ట్రాక్టరు వీధిలో తీగ తెంపుకుపోయిన రోజు మీరు వందసార్లు స్విచ్ నొక్కించినా అది అతుక్కోదు. తెగక్కర్లేదు కూడా. బీరువా జరిపినప్పుడు దాని కాలి కింద నలిగిన పసుపు వైరు చాలు. లోపలున్నది రాగి కాదు, గాజు. కరెంటు వైరులా మడిచి మేకుకు కడితే వెలుతురు ఆ మడత దగ్గరే కారిపోతుంది. మిగిలిన వైరును కాఫీ సాసరంత వెడల్పుగా చుట్టి వదిలేయాలి. ఆ వైరు చివరుండే పచ్చ పిన్ను మొన కాస్త వాలుగా చెక్కి ఉంటుంది, దానికి నీలం పిన్ను జత కుదరదు. మొనను వేలితోనో లుంగీ అంచుతోనో తుడిస్తే శుభ్రం కాదు, జిడ్డు అంటుకుంటుంది. అందులోకి తొంగి చూడనే కూడదు. ఆ కాంతి కంటికి కనపడదు గానీ కన్నును చెరపొచ్చు.

తీగ తెగకుండా నెట్ వచ్చిపోతూ ఉంటే చూడాల్సిన అంకె ఒకటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే (మీ బాక్సు అడ్రసు కింద స్టిక్కరు మీద ఉంటుంది) లోపల ఆప్టికల్ పేజీలో ‘ఆర్ఎక్స్ పవర్’ (బాక్సుకు చేరే వెలుతురు బలం) కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం (ఆ బలానికి కొలత) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 కన్నా కిందికి దిగితే కొన ఊపిరి. అంకె ఇంకో 3 దిగిందంటే వెలుతురు సగమైపోయినట్టు లెక్క. “నెట్ రావట్లేదు” అంటే మీ పేరు చెప్పి ఫోన్ పెట్టేస్తారు. “ఎల్ఓఎస్ మిణుకుతోంది, ఆర్ఎక్స్ మైనస్ 29” అంటే మాత్రం నిచ్చెన కదులుతుంది.

లైట్లన్నీ పచ్చగా ఉండి ఫోన్‌లో మాత్రం చక్రం తిరుగుతుంటే, ఒక లాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో బాక్సుకు తగిలించండి. ముందు బాక్సు అడ్రసుకు, తర్వాత బయటున్న గూగుల్ సర్వరు 8.8.8.8కు పింగ్ (వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం చూసే పరీక్ష) కొట్టండి. వైరు మీద రెండూ నిలకడగా ఉండి, వైఫై మీద బాక్సు దాకా పింగే ఎగిరెగిరి పడుతుంటే దోషం గాలిలోనే. బాక్సు ఉన్న చోటు చూడండి మరి! ఇనప బీరువా నెత్తిన, అద్దం వెనక, పక్కన చేపల తొట్టి. ఇనుము తిప్పికొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి. ఇల్లు నడిమధ్య, భుజమెత్తులో, ఖాళీ గోడకు పెడితే సగం రోగం కుదురుతుంది. అపార్టుమెంటులో వైఫై నడిచే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్‌జ్‌ను 20 మెగాహెర్ట్‌జ్ వెడల్పులో ఉంచి 1, 6, 11 ఛానెళ్ళలో ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి, మిగతావి ఒకదాని మీద ఒకటి పడతాయి. 5 గిగాహెర్ట్‌జ్ వేగం ఎక్కువే గానీ రెండు గోడలు దాటేసరికి ఆయాసపడుతుంది. 300 ఎంబీపీఎస్ ప్లాను స్పీడు వైరు మీద కూడా సరిగ్గా 95 దగ్గర ఆగిపోతుంటే ల్యాన్ వైరులో ఎనిమిది పోగుల్లో ఏదో తెగి ఉండొచ్చు. ఇక 100 ఎంబీపీఎస్ ప్లానులో డౌన్‌లోడు సెకనుకు 12 మెగాబైట్లే వస్తోందని మిమ్మల్ని పిలిచేవాళ్ళకు చెప్పండి, ప్లాను లెక్క మెగాబిట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైటు, 100ని ఎనిమిదితో భాగిస్తే సుమారు అంతే వస్తుంది.

పెళ్ళి ఫొటోలు నాలుగు ఫోన్ల నుంచి ఒకేసారి పైకి ఎక్కుతున్నా, రొయ్యల చెరువు గట్టు మీది కెమెరాలు రాత్రంతా క్లౌడ్‌కు పంపుతున్నా, అప్‌లోడు నిండిపోయి డౌన్‌లోడూ నత్తనడక నడుస్తుంది. మీరొస్తే ఆ పంపకం రెండు నిమిషాలు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఆ రెండు నిమిషాల సుఖమే మీ కీర్తి.

కొందరిళ్ళలో మీరు పిలవకుండానే వస్తారు. 12 వోల్టుల అడాప్టరు ముసలిదై బరువు మోయలేక వోల్టేజి జారితే బాక్సు తనంతట తానే ఆగి లేస్తుంది. అంతే వోల్టులూ అంతకు తగ్గని ఆంపియర్లూ ఉన్న మరో అడాప్టరు పెట్టి చూస్తే తేలిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే లోపు బాక్సు ఆరిపోతుంటే, ఇన్వర్టరుకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడాలి, లేదా 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాలి. రోహిణి కార్తెలో శ్లాబు కింద అటక మీద కూర్చున్న బాక్సుకు అల్లిన గుడ్డ కప్పి, దసరాకు గాలి కంతల్లో కుంకుమ పోసే భక్తులకు మేం చెప్పగలిగింది లేదు. అక్కడ మీరే ఏలుకోండి.

వైరు మీద కూడా రాత్రి 8 నుంచి 11 దాకే మందగిస్తుంటే మాత్రం ముందు ఇంట్లో వెతకొద్దు, ఊరంతా ఒకేసారి వాడే ఆ వేళ ఆపరేటరు లైనే ఇరుకై ఉండొచ్చు. పొద్దున 6కి, రాత్రి 9కి వైరు మీద స్పీడు చూసి మూడు రోజులు రాసుకుంటే, ఆ కాగితం ఆపరేటరుకు చూపించొచ్చు.

ఇట్లు,
లైట్ల ఫొటో తీశాకే స్విచ్ మీద చెయ్యి వేసేవాళ్ళు

తా.క.: బాక్సు వెనక సూది బెజ్జంలో ఉండే మీ బంధువు ‘రీసెట్’ను వెంట తేవద్దు. ఆయన పది సెకన్లలో యూజర్‌నేమూ, పాస్‌వర్డూ, వీల్యాన్ నంబరూ (ఆపరేటరు లైనుకు గుర్తు) ఊడ్చేస్తాడు. అవి మళ్ళీ ఎక్కించాలంటే కేబుల్ కుర్రాడు రావాలి, ఆదివారం అతను రాడు.