ఆ తేదీ ఉండాల్సిందే
అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పండే విడాలియా ఉల్లికి అక్కడి ప్రభుత్వం ఏటా ప్యాకింగ్ తేదీ పెట్టడం, అంటే అంతకుముందు ప్యాక్ చేసి అమ్మకూడదనడం, రైతు స్వేచ్ఛకు అడ్డం అంటున్నారు, నేను ఒప్పుకోను. 1986లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం 20 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పండితేనే ఆ పేరు, ఎందుకంటే అక్కడి ఇసుక నేలలో గంధకం తక్కువ, అందుకే ఘాటుండదు. మేం పచ్చిదే కోసి పెరుగన్నంలో నంజుకుంటాం. తొందరపడి ముదరని గడ్డ పీకి అమ్మితే తొందరగా మెత్తబడి కుళ్లుతుంది, అలాంటిది ఒక్కసారి కొన్నవాళ్లు మళ్లీ ఆ పేరు చూసి కొంటారా?

మన బంగినపల్లికి 2017లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు పంటకే ఆ పేరు దక్కే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అయినా లేతకాయ కోసి, నిషేధం ఉన్నా కార్బైడ్‌తో మగ్గబెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మా నాన్నయితే తొడిమ దగ్గర భుజాలు నిండితే గానీ కాయ కోయనిచ్చేవారు కాదు. కోతకు అలాంటి తేదీ మనకూ కావాలి, అదీ సీజన్ మొదలవకముందే చెప్పాలి.