రెండు వేళ్లు ముడుచుకుపోయిన తర్వాత

కచేరీ పియానిస్టు జీవితాన్ని పోటీల బహుమతులు, రికార్డింగులు, పర్యటనల వరుసలో నేను చదివిన ఒక వ్యాసం చక్కగానే వివరించింది. కానీ చేతికి వచ్చే జబ్బుల ప్రస్తావనను ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు పెద్ద లోపంగా తోచింది.

అమెరికన్ పియానిస్టు లియాన్ ఫ్లైషర్ సంగతే చూడండి. చిన్ననాడే ప్రఖ్యాత పియానిస్టు ఆర్టుర్ ష్నాబెల్ వద్ద శిష్యుడిగా చేరి, 1952లో బ్రసెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ అంతర్జాతీయ సంగీత పోటీ గెలిచి, జార్జ్ సెల్ నిర్వహణలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో బీథోవెన్, బ్రామ్స్ కాన్చెర్టోలను (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యకారుడు ప్రధానంగా వాయించే కృతులను) రికార్డు చేసిన ఆయనకు, 1960ల మధ్యలో, పేరు శిఖరాన ఉన్న రోజుల్లోనే, కుడిచేతి చివరి రెండు వేళ్లు తమంతట తామే లోపలికి ముడుచుకుపోసాగాయి. ఫోకల్ డిస్టోనియా అనే ఈ నాడీ రుగ్మతలో నొప్పి ఉండకపోవచ్చు, చేయి మిగతా పనులన్నీ చేయవచ్చు, వాయించబోయినప్పుడే వేళ్లు మాట వినవు. కష్టపడి సాధన చేస్తే ఇది లొంగదు. అందుకే శ్రమనే నమ్ముకున్న కళాకారుడికి ఇంతకంటే క్రూరమైన జబ్బు లేదనిపిస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి కోల్పోయిన పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ రాసిన ఎడమచేతి కాన్చెర్టో ఫ్లైషర్‌కు ఆధారమైంది. (కళ్లు మూసుకుని వింటే అది ఒక్క చేతి వాదనమంటే నమ్మలేం.) ఆయన బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో దశాబ్దాల పాటు బోధించారు, ఆర్కెస్ట్రాలకు నిర్వహణ వహించారు. 1990లలో కండరాలను సడలించే బోటాక్స్ ఇంజెక్షన్ల సాయంతో మళ్లీ రెండు చేతులతో వేదికెక్కి, 2004లో ఆ వాదనంతో ఆల్బమ్ వెలువరించారు.

నా దృష్టిలో ఆ మధ్య ముప్పై ఏళ్లు కూడా ఆయన వృత్తి జీవితమే, విరామం కాదు.