ఆడుకోవడం పోయింది, ఆడటం మిగిలింది

తెలుగులో ఆడటం వేరు, ఆడుకోవడం వేరు. నడుమ ఆ 'కో' చేరగానే ఎవరి కోసమో చేసే పని కాస్తా తన కోసం చేసుకునే పని అవుతుంది. పాడటం, పాడుకోవడం. రాయడం, రాసుకోవడం. పిల్లలు మొన్నమొన్నటిదాకా ఆడుకునేవాళ్లు. ఇప్పుడు ఆడుతున్నారు. అకాడమీ పేరు నిలబెట్టడానికి, సెలెక్టర్ల కంట్లో పడటానికి, ఖర్చు పెట్టిన అమ్మానాన్నల మొహం చిన్నబోకుండా చూడటానికి ఆడుతున్నారు. ఆ 'కో'ని వాళ్ల దగ్గర్నుంచి లాగేసుకున్నది మనమే.

ఎలా జరుగుతోందో అందరికీ తెలుసు. ఆరేడేళ్లకే ఒకే ఆట తేల్చేయడం, తెల్లవారకముందే కోచింగ్, సెలవు దొరికితే టోర్నమెంట్, కోచ్ చాలక పర్సనల్ ట్రైనర్, పాలపళ్లు ఊడని పిల్లవాడి పేరు మీద సోషల్ మీడియా పేజీ. అందుకే ఇది ఎంతవరకు వచ్చిందో వర్ణించే పని పెట్టుకోను. చాలామంది దీన్ని 'ఆటలు మితిమీరడం' అంటారు. నేను ఒప్పుకోను. పిల్లలకు ఆటలు ఎక్కువ కాలేదు. వాళ్ల ఆటను పెద్దలు ఆక్రమించుకున్నారు.

జట్టులో చిన్నవాడిని ఏడిపించడం ఇష్టంలేక చేర్చుకుని 'అరటిపండు' అంటాం కదా. వాడూ పరుగెత్తుతాడు, అరుస్తాడు, దొరికిపోతాడు. కానీ వాడు ఔటైనా ఔట్ కాదు, గెలిచినా లెక్కలోకి రాదు. ఇప్పటి పిల్లల క్రీడల్లో ఆడే పిల్లలే అరటిపండ్లు. ఏ ఆట, ఎన్ని గంటలు, ఏ కోచ్, నొప్పి పుడితే ఆగాలా వద్దా, విసుగొస్తే మానాలా వద్దా, ఇవన్నీ గీత అవతల నిలబడ్డవాళ్లు తేలుస్తున్నారు. మైదానంలో ఉన్నవాడి మాట ఒక్కటీ లెక్కలోకి రాదు.

అవతలి వాదనలో బలం లేదనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అంచనా ప్రకారం, 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. రోజుకు సగటున గంటసేపు ఒళ్లు వంచమన్నదే ఆ సంస్థ చెప్పే లెక్క. ఫోన్లకు అతుక్కుపోయే కాలంలో పిల్లల్ని మైదానానికి తోలడం మంచిదే కదా, క్రమశిక్షణ వస్తుంది, ఓటమిని తట్టుకోవడం వస్తుంది అంటారు. టైగర్ వుడ్స్ రెండేళ్లకే గోల్ఫ్ కర్ర పట్టాడని గుర్తు చేస్తారు.

సరే, ఆ 81 శాతాన్నే తీసుకుందాం. పిల్లల క్రీడల మీద ఇంత డబ్బు, ఇంత ఆరాటం కుమ్మరిస్తున్న కాలంలోనే అయిదుగురిలో నలుగురికి చాలినంత కదలిక లేదంటే ఆ కుమ్మరింత ఎవరి కోసం? ఎంపికైనవాళ్ల కోసం. మిగతావాళ్లను ఎనిమిదో ఏటే 'నీ వల్ల కాదు' అని పక్కకు తప్పిస్తున్నాం. ఎనిమిదేళ్లకు ఆ మాట విన్నవాడు పన్నెండేళ్లకు బంతి ముట్టుకోకపోతే తప్పు వాడి ఫోనుదా?

ఆ ఎంపికైనా ప్రతిభను చూసి జరుగుతుందా అంటే అదీ లేదు. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి 1985లో జూనియర్ ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు చూశాడు. జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో పుట్టినవాళ్లు కుప్పలుగా ఉన్నారు. ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్లు చాలా తక్కువ. కారణం చాలా చిన్నది. అక్కడ వయసు లెక్కకు జనవరి 1 గీత. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపులో పడతారు. ఎనిమిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే చిన్న విషయం కాదు, అది వాళ్లు బతికిన కాలంలో పదో వంతుకు పైనే. పెద్దవాడు ఎత్తుగా ఉంటాడు, బలంగా తోస్తాడు, కోచ్ కంట్లో పడతాడు. వాడికి మంచి జట్టు, మంచి కోచింగ్, ఎక్కువ మ్యాచ్‌లు దక్కుతాయి. కొన్నేళ్లకు నిజంగానే మెరుగవుతాడు. అప్పుడు మనం 'చూశారా, చిన్నప్పుడే కనిపెట్టాం' అంటాం. ఫుట్‌బాల్ సహా ఎన్నో ఆటల్లో ఇదే వరస బయటపడింది. ప్రతిభ అనుకుని మనం ఏరుతున్నది చాలాసార్లు పుట్టిన నెలని.

అయితే గట్టిగా తోమకపోతే ఛాంపియన్లు పుట్టరు కదా అంటారా? నార్వే వైపు చూడండి. ఈ వాదనకు ఇంతకంటే గట్టి జవాబు నాకు కనిపించలేదు. అక్కడి క్రీడా సమాఖ్య 1987లోనే పిల్లల క్రీడలకు నియమాలు పెట్టుకుంది. తర్వాత వాటికి పిల్లల హక్కుల పత్రాన్ని కూడా జోడించింది. 11 ఏళ్లు వచ్చే ఏడాది దాకా ర్యాంకులు, పాయింట్ల పట్టికలు ఉండవు. 13 వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్ లేదు. ఏ ఆట ఆడాలో, ఎంత సాధన చేయాలో, అసలు పోటీకి దిగాలో వద్దో చెప్పే హక్కు పిల్లలకే ఉంది. దేశం మొత్తం జనాభా 55 లక్షలు. ఆ దేశమే 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలు, మొత్తం 37 పతకాలతో అందరికంటే పైన నిలబడింది.

మంచు దేశం, డబ్బున్న దేశం అని కొట్టిపారేయవచ్చు. మంచూ డబ్బూ ఉన్న దేశాలు ఇంకా చాలానే ఉన్నాయి. పైగా 400 మీటర్ల హర్డిల్స్‌కు మంచుతో పనేముంది? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఫైనల్‌ను 45.94 సెకన్లలో ముగించి, తన పేరు మీదే ఉన్న 46.70 రికార్డును ముప్పావు సెకను మేర చెరిపేసిన కార్‌స్టెన్ వార్‌హోమ్ నార్వే కుర్రాడే. పదిహేడేళ్ల వయసులో, 2013లో, అతను యూత్ ప్రపంచ ఛాంపియన్ అయింది హర్డిల్స్‌లో కాదు. పరుగులు, దూకడాలు, విసరడాలు కలిపి ఎనిమిది పోటీలుండే ఆక్టాథ్లాన్‌లో. అంటే ఆ వయసుకు కూడా అతను అన్నీ చేసి చూస్తూనే ఉన్నాడు. రోజర్ ఫెదరర్ చిన్నతనం కూడా టెన్నిస్ ఒక్కదానితోనే గడవలేదు, ఫుట్‌బాల్ ఆడాడు, ఇంకా ఎన్నో ఆడాడు. వుడ్స్ కథ మనకు కంఠతా వచ్చు, ఫెదరర్ కథ గుర్తుండదు. ఎందుకంటే మొదటి కథలో తండ్రికి పెద్ద పాత్ర ఉంది. రెండో కథలో పెద్దవాళ్లు చేయాల్సింది ఓపిక పట్టడమే. ఆ పాత్ర మనకు నచ్చదు.

ఒళ్లు చెప్పేది కూడా వినాలి. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాళ్లకు మోచేతి లోపలి లిగమెంటు తెగితే, వేరేచోటి స్నాయువు తీసి అతికించే ఆపరేషన్ ఒకటుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి టామీ జాన్ అనే ఆటగాడికి చేశాడు కాబట్టి ఆయన పేరే దానికి స్థిరపడింది. అప్పటికి జాన్ వయసు 31, ఏళ్ల తరబడి ప్రొఫెషనల్‌గా విసిరి అరిగిపోయిన చెయ్యి. అలాంటి చేతుల కోసం పుట్టిన ఆపరేషన్ ఇప్పుడు ఎవరికి జరుగుతోంది? 2007 నుంచి 2011 దాకా అమెరికాలో జరిగిన ఈ ఆపరేషన్ల బీమా రికార్డులు చూస్తే, సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్ల వాళ్లవే. ఏడాది పొడవునా ఒకే ఆట, ఒకే కదలిక, అదే కీలు మీద అదే బరువు. పెరిగే వయసులో ఎముక చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు. అందుకే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో స్పష్టంగా చెప్పింది: 15, 16 ఏళ్ల దాకా ఒకే ఆటకు కట్టేయకండి, వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలు ఆ ఆట నుంచి విరామం ఇవ్వండి. ఇందులో అర్థం కానిదేమీ లేదు. అయినా మూడు నెలలు ఆపితే వెనకబడిపోతాడేమోనన్న టెన్షన్ ముందు డాక్టరు మాట నిలవడం లేదు.

మనసు సంగతి ఆపరేషన్ రికార్డుల్లో దొరకదు. జెన్నిఫర్ కాప్రియాటి 1990లో పద్నాలుగేళ్లు నిండకముందే ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి వచ్చింది. ఆ ఏడాదే ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్ చేరింది, పదహారేళ్లకు ఒలింపిక్ స్వర్ణం గెలిచింది, పద్దెనిమిది దాటకముందే ఆట వదిలి వెళ్లిపోయింది. తిరిగొచ్చి 2001లో రెండు గ్రాండ్‌స్లామ్‌లు గెలవడం ఆమె గొప్పతనం. నడుమ పోయిన ఏళ్లకు మాత్రం ఆమెను ఎగదోసినవాళ్లే జవాబు చెప్పాలి. ఆ తర్వాతే మహిళల టెన్నిస్ సంఘం చిన్న వయసు అమ్మాయిలు ఏడాదికి ఇన్ని టోర్నీలే ఆడాలని పరిమితి పెట్టింది.

2022లో బీజింగ్ మంచు మీద పదిహేనేళ్ల రష్యా ఫిగర్ స్కేటర్ కమీలా వలియేవా పదేపదే పడిపోవడం ప్రపంచమంతా చూసింది. డోపింగ్ పరీక్షలో దొరికిన మందు ఆమె శరీరంలోకి ఎలా వచ్చినా, ఆ వారమంతా దాని బరువు మోసింది ఆ పిల్లే. ఏడుస్తూ బయటికొచ్చిన ఆమెకు కోచ్ నుంచి ముందుగా దొరికింది ఓదార్పు కాదు, పోరాటం ఎందుకు ఆపేశావన్న ప్రశ్న. అది చూసి ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడే కలవరపడ్డానని చెప్పారు. అదే ఏడాది జూన్‌లో స్కేటింగ్ సమాఖ్య సీనియర్ పోటీలకు కనీస వయసును దశలవారీగా 15 నుంచి 17కు పెంచింది. ఆ వీడియో నేను రెండోసారి చూడలేకపోయాను. అక్కడ కెమెరాలున్నాయి కాబట్టి మనకు తెలిసింది. ఓడిన మ్యాచ్ తర్వాత కారు వెనక సీట్లో తలొంచుకుని కూర్చుని, ముందు సీటు నుంచి వచ్చే ప్రశ్నలకు జవాబు వెతుక్కునే పదేళ్ల పిల్లలకు కెమెరాలుండవు.

అదే 2022లో జపాన్ జూడో సమాఖ్య చేసిన పని ఎక్కువమంది చెవిన పడలేదు. జూడోకు పుట్టిల్లు ఆ దేశం. ప్రాథమిక పాఠశాల పిల్లలకు జరిగే జాతీయ టోర్నమెంటును ఏకంగా రద్దు చేసింది. గెలుపు పిచ్చిలో కోచ్‌లు చిన్నపిల్లల చేత బరువు తగ్గిస్తున్నారని, కోచ్‌లూ తల్లిదండ్రులూ రిఫరీల మీద విరుచుకుపడుతున్నారని చెప్పే రద్దు చేసింది. పోటీని కాదన్నది జూడోను తక్కువ చేసేవాళ్లు కాదు, దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు.

ఇక్కడిదాకా క్రీడల గురించి మాట్లాడాను. నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి. పిల్లల చేతిలో లెక్క చెప్పనక్కరలేని గంట ఒక్కటి కూడా మిగలడం లేదు. క్రీడలు ఇందులో ఒక భాగమే. బొమ్మలు గీస్తే సర్టిఫికెట్, పాట పాడితే గ్రేడు, పుస్తకం చదివితే ఎన్ని చదివావని పట్టిక. చేసే ప్రతిదీ రేపటికి పెట్టుబడి. బాల్యాన్ని బతకాల్సిన కాలంగా కాకుండా ఎక్కడికో చేరడానికి ఎక్కిన బస్సులా చూస్తున్నాం. ఖాళీగా కూర్చున్న పిల్లవాణ్ణి చూస్తే మనకు భయమేస్తోంది. ఆ ఖాళీలో ఏం జరుగుతుందో మరిచిపోయాం.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే దాదాపు వందేళ్ల కిందట గోళీలాడే పిల్లల పక్కన కూర్చుని ఆ ఆట రూల్స్ ఎవరు పెట్టారని అడిగేవాడు. చిన్నవాళ్లు, అవి పెద్దవాళ్లు పెట్టినవి, మార్చకూడదు అనేవాళ్లు. పదీ పన్నెండేళ్ల వాళ్లు మాత్రం, అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు అనేవాళ్లు. ఈ నడుమ వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. తొండి చేసినవాడితో పోట్లాడి, అలిగి వెళ్లిపోయినవాణ్ణి బతిమాలి వెనక్కి తెచ్చుకుని, ఒక జట్టు మరీ బలంగా ఉంటే మళ్లీ పంచుకుని వాళ్లే నేర్చుకున్నారు. నియమం అంటే నలుగురం కలిసి చేసుకున్న ఒప్పందమని తెలిసినవాడు రేపు ఏ సభలోనైనా అన్యాయం జరిగితే లేచి నిలబడగలడు. విజిల్ ఊదగానే ఆగడం, మళ్లీ ఊదగానే కదలడం మాత్రమే నేర్చినవాడికి ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? కోచ్, రిఫరీ, టైమ్‌టేబుల్ ఉన్నచోట పోట్లాడుకునే అవసరమే లేదు. రాజీ పడే అవసరమూ లేదు. క్రమశిక్షణ అని మనం మురిసిపోయేది చాలాసార్లు విధేయత మాత్రమే. ప్రజాస్వామ్యానికి కావలసింది అది కాదు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం పిల్లలకు విశ్రాంతి, తీరిక, ఆట హక్కులని చెప్పింది. దాదాపు ప్రపంచమంతా సంతకం పెట్టిన మాట అది. దాన్ని నిజం చేయడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు జాతీయ టైటిళ్లు, ర్యాంకులు ఎత్తేయండి. నార్వే దాదాపు ఇదే చేసింది, జపాన్ జూడో తన వంతు చేసింది, ఆకాశం విరిగి పడలేదు. ఎనిమిదేళ్లకు జట్టు నుంచి తీసేయడం ఆపి, వచ్చిన ప్రతివాణ్ణీ ఆడించండి. మానేస్తానన్న పిల్లవాణ్ణి కట్టిన ఫీజు చూపించి ఆపకండి. కొన్నాళ్లకు వాడే ఇంకో ఆట పట్టుకుంటాడు, లేదా ఇదే ఆటకు తిరిగొస్తాడు. వారంలో రెండు మూడు సాయంత్రాలు కోచ్ లేకుండా, స్కోరు రాసేవాళ్లు లేకుండా, ఫోన్‌తో వీడియో తీసేవాళ్లు లేకుండా మైదానం గేటు తెరిచిపెట్టండి. మన కుర్చీలు గీత దగ్గర్నుంచి తీసేద్దాం. చెమటతో, దుమ్ముతో ఇంటికొచ్చిన పిల్లను ఎవరు గెలిచారని అడగొద్దు. తనకు చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.